జాగ్రత్త ఉండాల్సింది బోర్డులో

వినాయక చవితి పందిళ్ళతో మొదలై సంక్రాంతి తీర్థాలు అయ్యేదాకా మా గోదావరి డెల్టాలో సీరియల్ లైట్లు కిందికి దిగవు. చవితి, దసరా, దీపావళి, కార్తీకం, క్రిస్మస్, జనవరి ఫస్టు, భోగి. మధ్యలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు సరేసరి. ఒకే ఊళ్ళో రామాలయం ఒక వీధిలో, చర్చి పక్క వీధిలో ఉంటాయి కాబట్టి ఒకరు విప్పే వేళకు ఇంకొకరు కట్టడం మొదలెడతారు. డిసెంబరులో అమలాపురం నుంచి రాజోలు వైపు రాత్రి బస్సెక్కితే కొబ్బరి తోటల మధ్య నుంచి ఒక్కో ఇల్లూ మెరుస్తూ కనిపిస్తుంది. నాకు చాలా ఇష్టం. లైట్లు కట్టొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు.

నా పేచీ అంతా జాగ్రత్తల జాబితాలతో. పండగ దగ్గరపడగానే పేపర్లో ఒక డబ్బా కట్టి వేస్తారు, అదే వాట్సాప్‌లో తిరుగుతుంది. తడి చేతులతో ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, నాణ్యమైనవే కొనండి, అప్రమత్తంగా ఉండండి. ఒక్కటీ తప్పు కాదు. కానీ అన్నీ మనిషి చేతికీ బుద్ధికీ చెప్పే సుద్దులే. పండగ పూట మా ఆడవాళ్ళ చేతులు పొడిగా ఉండే గంట ఏదో ఎవరైనా చెప్పగలరా? తెల్లవారకముందే కళ్ళాపి, తర్వాత గడప కడగడం, పిల్లలకు తలంట్లు, వంటింట్లో బియ్యం కడుగు నుంచి అంట్ల దాకా నీళ్ళే, ఆ పైన బట్టలు ఆరేయడం. ఇంట్లో పండగంటేనే తడి. అలాంటి చోట ‘తడి తగలకుండా చూసుకోండి’ అని చెప్పి చేతులు దులుపుకోవడం, జరగరానిది జరిగితే ‘చూసుకోవాలి కదా’ అని చచ్చిపోయిన మనిషి మీదే నెపం పెట్టడానికి పనికొస్తుంది తప్ప ఇంకెందుకూ కొరగాదు.

మనిషన్నాక మరిచిపోతాడు, తడుస్తాడు, తొందరపడతాడు. అది ముందే ఒప్పుకుని, ఆ మరుపును కాచే ఏర్పాటు స్విచ్ బోర్డులో పెట్టుకోవాలి. దీపాలకు పెట్టే ఖర్చులో మొదటి వాటా అక్కడికే పోవాలి. నేను వాదించేది ఇదొక్కటే.

అసలు మనం కొనేదేమిటో ముందు చూద్దాం. బజార్లో సెట్టు కొంటూ షాక్ సంగతి అడిగితే షాపాయన నవ్వేస్తాడు. “ఆయ్, ఎల్‌ఈడీలండి. వీటికి షాకేంటండి!” ఈ మాట షాపుల నుంచి ఇళ్ళకు పాకి ఇప్పుడు అందరికీ నమ్మకమైపోయింది. పాత గాజు బల్బుల సెట్లు షాక్ కొట్టేవి, ఎల్‌ఈడీలు కొట్టవు, అంతే.

ఆ సెట్టు ప్లగ్గు దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, మీట నొక్కితే మెరుపులు మార్చేది. ప్లగ్గు పీకేసి దాన్ని విప్పి చూడండి. చాలావాటికి స్క్రూ కూడా ఉండదు, గోరు దూర్చితే లేచొస్తుంది. లోపల రెండు వేళ్ళంత సర్క్యూట్ ముక్క. దాని మీద నాలుగు డయోడ్లు, నల్లటి బొట్టులా ఒక చిప్పు, స్విచ్చుల్లా పనిచేసే, మూడేసి కాళ్ళున్న ఎస్.సి.ఆర్.లు కొన్ని, ఒకటో రెండో రెసిస్టర్లు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కనిపించదు. అంటే గోడ సాకెట్లో ఉన్న 230 వోల్టులు తగ్గకుండా అలాగే తీగలోకి వెళుతున్నాయన్నమాట. ఒక్కో ఎల్‌ఈడీకి రెండు మూడు వోల్టులే కావాలన్నది నిజమే. వాటిని వరసగా కలిపి ఆ 230నీ అన్నీ పంచుకునేలా చేశారు. ఆ పంపకం బల్బులకే, మనిషికి వర్తించదు. ఫేజు (కరెంటు వచ్చే తీగ) వైపు ఎక్కడైనా తీగ మీద ఇన్సులేషన్ లేచిపోతే, నేల మీద నిలబడి అక్కడ ముట్టుకున్న మనిషికి తగిలేది అచ్చంగా మెయిన్ కరెంటే.

ఇంకో తిరకాసు ఉంది. ప్లగ్గుకు రెండు పిన్నులే కాబట్టి ఎటు తిప్పి గుచ్చినా సాకెట్లో పడుతుంది, ఎటు గుచ్చినా కథ ఒకటే. డబ్బా తీగకు ఒక కొసనే తెంచుతుంది, ఇంకో కొస మెయిన్‌కు అంటుకునే ఉంటుంది. లైట్లు ఆరిపోతాయి కానీ తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది. గోడ స్విచ్చును పొరపాటున ఫేజుకు బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) మీద వేసిన ఇళ్ళలోనూ ఇదే కథ. లైటు వెలగడం లేదంటే కరెంటు లేదని కాదు. సెట్టును సర్దాలంటే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి చేత్తో పట్టుకోవాలి.

“ఎల్‌ఈడీకి వాట్లు తక్కువ కదా, అంత కరెంటు ఎక్కడుంటుంది?” అని చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. హాల్లో వెలిగే 9 వాట్ల బల్బునే తీసుకోండి. అది వెలగడానికి సుమారు 40 మిల్లీ ఆంపియర్లు కావాలి. మనిషి గుండె గుండా అంత కరెంటు కాసేపు పారితే చాలు, ప్రాణం పోవచ్చు. పైగా మనిషిలోంచి ఎంత కరెంటు పారాలో బల్బు వాట్లు నిర్ణయించవు; 230 వోల్టులూ, మనిషి ఒంటి తడీ, కాలి కింద నేలా నిర్ణయిస్తాయి.

ఈ నేల సంగతి దగ్గరే మా డెల్టాకు మిగతా ఊళ్ళకూ తేడా. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తి చేసినప్పటి నుంచి ఇక్కడ కాలవలు పారుతూనే ఉన్నాయి. పెరట్లో మూరెడు తవ్వితే ఒండ్రు చల్లగా తగులుతుంది, ఇంకాస్త తవ్వితే నీళ్ళే. సముద్రం వైపు సఖినేటిపల్లి, అంతర్వేది దాకా పోతే ఆ నీళ్ళలో ఉప్పు కూడా ఉంటుంది. ఎలక్ట్రీషియన్లకు ఇది వరం. ఎండిన మెట్ట నేలల్లో ఉప్పూ బొగ్గూ పోసి నీళ్ళు పడుతూ ఉంటే గానీ దక్కని ఎర్తు, ఇక్కడ పైపు దింపగానే దక్కుతుంది. కాకపోతే పైపుకు దక్కిన ఎర్తే వట్టి కాళ్ళకూ దక్కుతుంది. పొడి చర్మంతో, రబ్బరు చెప్పులతో, మూడో అంతస్తు టైల్స్ మీద నిలబడి తీగ ముట్టుకుంటే జిల్లుమని వదిలేయొచ్చు. కళ్ళాపి చల్లిన వాకిట్లో వట్టి కాళ్ళతో, తడి చేత్తో ముట్టుకుంటే మనిషి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములకు పడిపోతుంది. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. తీగను వదిలిపెడదామన్నా వేళ్ళు మన మాట వినని కరెంటు అది. నగరంలో ఫ్లాట్లలో ఉండేవాళ్ళ కోసం రాసిన జాబితాను కోనసీమ పెరడుకు అతికించడం ఇందుకే నాకు నచ్చదు.

పెరడు అన్నాను కాబట్టి దండెం గురించి చెప్పాలి. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది దండెమే. మా వైపు ఇళ్ళల్లో దండెం అంటే నైలాను తాడు తక్కువ, ఇనప తీగే ఎక్కువ. వంటింటి గోడ మేకు నుంచి కొబ్బరి చెట్టుకో, బావి పక్క సిమెంటు స్తంభానికో బిగించి కడతారు. ఏళ్ళ తరబడి ఉంటుంది. పండగొచ్చిందంటే సీరియల్ సెట్టు వేలాడదీయడానికి అంతకంటే వీలైన చోటు ఇంకోటి కనబడదు. చుట్టుకుంటూ పోతే చాలు. గాలికి రెండు తీగలూ రాత్రంతా ఒకదాన్నొకటి రాసుకుంటాయి. సీరియల్ సెట్టు తీగ మీద ఇన్సులేషన్ ఎంత మందం ఉంటుందో మీకు తెలుసు. ఒక్క చోట అరిగిందంటే దండెం అంతా కరెంటే. చెట్టూ, పెచ్చులూడిన గోడా పొడిగా ఉన్నంతసేపూ ఆ కరెంటుకు పోయే దారి దొరకదు. ఎక్కడా మెరుపు రాదు, ఫ్యూజు పోదు, లైట్లు చక్కగా వెలుగుతూనే ఉంటాయి. మర్నాడు పొద్దున్న బకెట్ నిండా తడి బట్టలతో ఒకావిడ అక్కడికొచ్చి, వట్టి కాళ్ళతో మట్టిలో నిలబడి, తడి చీర కొంగు తీగ మీద వేస్తుంది.

దండెం తగిలి చనిపోయిన వార్తలు మన జిల్లా పేజీల్లో చదవనివాళ్ళు ఉండరు. పండగ రాత్రి జరిగేవి తక్కువ, జరిగేదంతా ఇలాంటి మామూలు పొద్దుటి పూట. పోయేవాళ్ళు కూడా లైట్లు కట్టినవాళ్ళు కారు. కట్టేది ఇంట్లో కుర్రాళ్ళు, ముట్టుకునేది తల్లులు, పనిమనుషులు. కొబ్బరి చెట్టుకు మొదలు నుంచి మెడ దాకా లైట్లు చుట్టే ఫ్యాషన్ ఈమధ్య బాగా పెరిగింది. ఆ చెట్టు ఎక్కే దింపు కార్మికుడు రెండు చేతులతో, రెండు కాళ్ళతో, ఛాతీతో దాన్ని వాటేసుకుని ఎక్కుతాడు. అతనికి ఎవరూ ముందుగా చెప్పరు. మేకులు కొట్టి తీగ బిగించిన చెట్లు కూడా చూశాను. మేకు తీగను గీరిందో లేదో కొట్టినవాడికే తెలియదు.

మా పిన్ని వాళ్ళింట్లో ఒక క్రిస్మస్ వారంలో ఇదే గొడవ నడిచింది. చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ స్టార్లు, లైట్లు. వీళ్ళు కూడా పిల్లల ముచ్చట కొద్దీ కట్టారు. సెట్టు దండెం మీదుగానే పోయింది.

“పిన్నీ, ఇది తీయించు. బట్టలారేసే తీగ మీద ఇవేంటి?”

“ఏరా, నువ్వొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పీకిస్తావు. ఎల్‌ఈడీలు షాక్ కొట్టవంట.”

“ఎవరన్నారు?”

“మీ తమ్ముడే. ఇంటర్నెట్లో చూశాడంట.”

తమ్ముడికి టెస్టర్ తెమ్మన్నాను. సెట్టు వెలుగుతుండగా డబ్బా దాటాక వచ్చే అతుకు మీద, టేపు లేచిన చోట, టెస్టర్ కొన ఆనించాం. ఎర్రగా వెలిగింది. స్విచ్ ఆపి మళ్ళీ ఆనించాం. అప్పుడూ వెలిగింది. ఆ సాకెట్ స్విచ్చు న్యూట్రల్ మీద ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పిన్ని ఇంకేం మాట్లాడలేదు, లోపలికెళ్ళి టీ పెట్టింది. సెట్టు విప్పింది తమ్ముడే. ఒకసారి కళ్ళతో చూస్తే చాలు, ఉపన్యాసాలు అక్కర్లేదు. కాకపోతే ఇంటింటికీ వెళ్ళి టెస్టర్ పెట్టి చూపించేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? అందుకే బోర్డు గురించి పట్టుబడుతున్నాను.

“బోర్డులో ఎం.సి.బి.లు ఉన్నాయిగా, అవే పడిపోతాయి” అంటారు. ఎం.సి.బి. అంటే కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు. ప్లగ్గుల లైనుకు మామూలుగా 16 ఆంపియర్లది ఉంటుంది. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషికి 30 దాటితే గండం. ఈ రెంటి మధ్య ఏం జరిగినా ఎం.సి.బి.కి పట్టదు. దాన్ని పెట్టింది గోడలో వైర్లు కాలిపోకుండా చూడటానికి. మనిషి మాడిపోతున్నా దాని లెక్కలో అదొక చిన్న లోడు.

మనిషి కోసం తయారైన పరికరం ఆర్.సి.సి.బి. పాతవాళ్ళు ఈ.ఎల్.సి.బి. అంటారు, షాపులో ఎలా అడిగినా ఇస్తారు. ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ సరిచూసుకుంటూ ఉంటుంది. వెళ్ళినదంతా తిరిగి రాలేదంటే ఎక్కడో నేలలోకి పోతున్నట్టే. పోయే దారి తడిసిన గోడ కావచ్చు, ఇనప దండెం కావచ్చు, మనిషే కావచ్చు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకను లోపు, దానికి అయిదు రెట్లుంటే 0.04 సెకను లోపు లైను తెంచేయాలన్నది ప్రమాణం. షాక్ తగులుతుంది, కెవ్వుమంటాం, గుండె దడదడలాడుతుంది. ప్రాణం మాత్రం ఉంటుంది. ధర రెండు వేల రూపాయలకు అటూ ఇటూ. సంక్రాంతికి ఇంటి ముందు కట్టే లైట్లకూ డీజేకూ మనవాళ్ళు పెట్టే ఖర్చు పక్కన అదొక లెక్కా?

భీమవరం వైపు రొయ్యల చెరువుల రైతులతో మాట్లాడితే ఇంకా చిత్రంగా ఉంటుంది. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ మోటారు లీకైతే నీళ్ళలో దిగిన కూలీకి ఏమవుతుందో వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. చెరువు గట్టున స్టార్టర్లు, కేబుళ్ళు, మోటారు ఎర్తు గురించి గంటసేపు మాట్లాడగలరు. ఇంట్లో మాత్రం లీకును పసిగట్టేది ఏదీ ఉండదు.

సరే, పెట్టినవాళ్ళు ఎందుకు తీసేస్తున్నారు? మా వైపు ఆర్.సి.సి.బి. పెట్టి, నెల తిరక్కుండా దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేసిన బోర్డులు చాలా చూశాను. ఒక ఎలక్ట్రీషియన్‌ను అడిగితే దాచకుండా చెప్పాడు. “ఏం చెయ్యమంటారండి? వానొస్తే పడిపోద్ది, మోటారేస్తే పడిపోద్ది. ఇంట్లో ఆడోళ్ళు నన్ను తిడతారండి. తీసేస్తే గొడవుండదండి.”

అతని బాధ నిజమే. కానీ అది ఊరికే పడదు. వానకు పడుతోందంటే బయటి లైటు హోల్డరులోకో, మేడ మీది స్విచ్ పెట్టెలోకో నీళ్ళు దిగుతున్నాయి. మోటారు వేస్తే పడుతోందంటే మోటారో దాని కేబులో లీకవుతోంది. గీజరు వేస్తే పడుతోందంటే కాయిల్ పాడైంది. ఇవేవీ లేకపోయినా పడుతోందంటే చాలాసార్లు తప్పు ఇన్వర్టర్ వైరింగులో ఉంటుంది. ఇన్వర్టర్ లైనుకు విడిగా న్యూట్రల్ లాగకుండా, దొరికిన న్యూట్రల్‌కు కలిపేస్తారు. వెళ్ళిన దారి ఒకటి, తిరిగొచ్చే దారి ఇంకొకటి అయ్యేసరికి ఆర్.సి.సి.బి. లెక్క తప్పి పడిపోతుంది. న్యూట్రళ్ళు విడదీస్తే నిలబడుతుంది. పూట పని. ఆ పూట కూలి ఇవ్వడానికి మనం బేరమాడతాం కాబట్టి అతను రెండు నిమిషాల్లో బైపాస్ చేసి వెళ్ళిపోతాడు. ఇందులో అతని తప్పు ఎంతో మనదీ అంతే.

దీనికీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, కాళ్ళు నేలకు తగలకుండా ఉంటే దీనికి తేడా తెలియదు, మనిషిని ఒక బల్బు అనుకుంటుంది. వదులు ప్లగ్గు వేడెక్కి అంటుకుంటే ఆపలేదు. దాని మీద ‘టి’ అని ఒక మీట ఉంటుంది, నెలకోసారి నొక్కితే పడిపోవాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే. లైట్లు కట్టే రోజు పొద్దున్నే ఆ మీట నొక్కి చూడటం, గుమ్మానికి మామిడాకులు కట్టినంత మామూలు పని కావాలి. అద్దె ఇంట్లో ఉండి బోర్డు ముట్టుకునే వీల్లేకపోతే, రక్షణ ప్లగ్గులోనే ఇమిడి ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు దొరుకుతాయి. లైట్లన్నీ దాని మీదే నడపొచ్చు.

ఇన్వర్టర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మెయిన్ దించేశాం కదా అని ధైర్యంగా తీగలు పట్టుకునేవాళ్ళు, ఆ లైటు పాయింటు ఇన్వర్టర్ మీద ఉందేమో చూసుకోరు. మెయిన్ పోగానే ఇన్వర్టర్ కరెంటు ఇస్తుంది, దాని పనే అది. అద్దె జనరేటర్ తెచ్చి, ఇంటి లైనును మెయిన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా కలిపేవాళ్ళు ఇంకా ఘనులు. ఆ కరెంటు సర్వీసు వైరు గుండా వెనక్కి వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 కేవీగా, అంటే 11 వేల వోల్టులుగా మారుతుంది. సప్లై ఆపామనుకుని స్తంభం మీద ఉన్న లైన్‌మ్యాన్ దాన్ని ముట్టుకుంటాడు.

ఇవన్నీ చెబితే కొందరు పెద్దలు, “అందుకే బాబూ, నూనె దీపాలే మేలు” అంటారు. నాకు ఆ వాదన రుచించదు. తాటాకు ఇళ్ళు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒక దీపం బోర్లా పడితే వాడ మొత్తం బూడిదైన కథలు ఆ పెద్దలే చెప్పారు మనకు. క్రిస్మస్ చెట్టుకు కరెంటు దీపాలు మొదట కట్టింది ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్, న్యూయార్క్‌లో తన ఇంట్లో, 1882 డిసెంబరులో. 80 బల్బులు. అప్పటిదాకా వాళ్ళు ఎండిన కొమ్మలకు కొవ్వొత్తులు వెలిగించేవారు, అవి అంటుకునేవి. మంట భయం తగ్గించిన వస్తువును మానేసి మళ్ళీ మంట దగ్గరికి పొమ్మనడం నాకు తెలివిగా తోచదు. తులసి కోట ముందు ప్రమిద ఉండనీయండి, మేడంతా ప్రమిదలు పెట్టక్కర్లేదు.

ఇక కొనేటప్పుడు. నన్నడిగితే బయట కట్టేవి 230 వోల్టులవి కొననే వద్దు. అడాప్టర్‌తో 12 వోల్టుల మీద నడిచేవి, ఫోను ఛార్జరుతో 5 వోల్టుల మీద నడిచేవి ఇప్పుడు చిన్న ఊళ్ళల్లో కూడా దొరుకుతున్నాయి. మంచి అడాప్టర్‌ను ఇంటి లోపల పొడి చోట పెట్టి సన్న తీగ ఒక్కటే బయటికి తీస్తే, దండెం మీద పడినా, చెట్టుకు చుట్టినా షాక్ భయం ఉండదు. వెలుగు తగ్గుతుందంటారు కానీ వీధిలోంచి చూసేవాడికి ఆ తేడా తెలియదు. పెట్టె మీద ఐ.పి. అంకె చూడండి, దుమ్మునూ నీళ్ళనూ ఎంత ఆపుతుందో అది చెబుతుంది. రెండో అంకె నీళ్ళకు సంబంధించినది. ఐ.పి. 20 అంటే నీటి నుంచి ఏ రక్షణా లేదని, 44 అంటే చిందే నీళ్ళకు ఆగుతుందని, 65 అంటే గొట్టంతో కొట్టినా ఆగుతుందని. ఈ సీరియల్ సెట్లు ‘లైటింగ్ చెయిన్’ పేరుతో బి.ఐ.ఎస్. (భారతీయ ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలో ఉన్నాయి. పెట్టె మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, అది నిజమో కాదో ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. రోడ్డు పక్క బండి మీద కుప్ప పోసి అమ్మేవాటికి అసలు పెట్టే ఉండదు.

పాతవి అటక మీంచి దింపేవాళ్ళకు వేరే పరీక్ష ఉంది. సముద్రపు గాలికి మా దగ్గర రాగి ఏదైనా ఏడాది తిరిగేసరికి చిలుము పడుతుంది. ప్లగ్గు పిన్నుల మొదట్లో ఆకుపచ్చ పొడి కనిపిస్తే ఆ సెట్టు లోపల అతుకులన్నీ అలాగే ఉన్నాయని అర్థం. తీగను వేళ్ళ మధ్య నలుపుతూ మొత్తం పొడవూ చూడాలి. ఎండకు పెళుసెక్కినది వంచితే చిట్లుతుంది, ఎలక కొరికినది వేలికి గరుగ్గా తగులుతుంది. అతుకు మీద క్యారీ బ్యాగు చుట్టి దారం కట్టే అలవాటు ఒకటుంది మనకు. వాన నీరు లోపలికి దిగుతుంది గానీ బయటికి రాదు. అతుకు నీళ్ళలో నానుతూ ఉంటుంది. ప్లగ్గు పోయిన సెట్టునైతే తీగ కొసలు ఒలిచి, సాకెట్ కన్నాల్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు కుక్కుతారు. కరెంటు పారే కన్నంలో అగ్గిపుల్ల పెట్టడం! దీని గురించి ఇంకేం రాయను. బయటి సాకెట్‌కు తీగ పైనుంచి నేరుగా దిగకుండా, సాకెట్ కంటే కిందికి ఒక వంపు తీసి మళ్ళీ పైకి తేవాలి. తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది. పైసా ఖర్చు లేని పని. దీపావళి వచ్చేదే మనకు తుపాన్ల కాలంలో. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను కూడా సరిగ్గా దీపావళి ముందరే వచ్చింది. చినుకు పడితే చూద్దాంలే అనుకుని కట్టే పండగ కాదు అది.

ఇంటి బయట సంగతి వేరే వ్యాసానికి సరిపోతుంది, టూకీగా చెబుతాను. 2024 నవంబరులో ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతూ కరెంటు తీగ తగిలి నలుగురు యువకులు చనిపోయారు. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర రథానికి హైటెన్షన్ తీగ తగిలి 11 మంది పోయారు. అదీ డెల్టానే, కావేరిది. క్రిస్మస్ స్టారును అందరికంటే ఎత్తున కట్టాలని పచ్చి వెదురు గెడ నిలబెట్టే కుర్రాళ్ళకు పచ్చి వెదురులోంచి కరెంటు పారుతుందని తెలియదు. 11 కేవీ తీగకూ ఇంటికీ మధ్య పక్కగా 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఖాళీ ఉండాలన్నది నిబంధన. మనవాళ్ళు మేడ మీద మేడ వేసి, ఆ పైన గెడ పాతుతారు.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు (దేవుణ్ణి ఉంచి భుజాల మీద మోసుకెళ్ళే ఎత్తైన వెదురు కట్టడాలు) బయల్దేరినప్పుడు దారి పొడవునా కరెంటు ఆపుతారు. అంత ఎత్తు ప్రభ తీగల కింద నుంచి వెళ్ళాలి మరి. ఊరంతా కరెంటు లేకుండా ఉంటుంది, ఎవరూ విసుక్కోరు, ఎవరికీ నామోషీ అనిపించదు. అదే మనిషి ఇంటికొచ్చి లైట్లు సర్దేటప్పుడు, టీవీ సీరియల్ ఆగిపోతుందని మెయిన్ దించడు.

చివరగా నా దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. చవితి పందిరికి లడ్డూ ఒకరు ఇస్తారు, విగ్రహం ఒకరు, పూలు ఒకరు. చర్చి అలంకరణకు, అమ్మవారి జాతరకు కూడా ఇలాగే దాతలు. ఈసారి ఎవరైనా ఒక కరెంటు పెట్టె ఇవ్వండి. తాళం వేసే పెట్టె, అందులో ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., నాలుగు ఎం.సి.బి.లు, మూతలున్న సాకెట్లు ఆరు, ఎర్తుకు ఒక రాడ్డు. ఊరి పెట్టె అన్నమాట. చవితికి పందిట్లో, డిసెంబరులో చర్చిలో, జనవరిలో తీర్థంలో, మధ్యలో ఎవరింట్లో పెళ్ళయితే వాళ్ళకు. కొక్కెం వేసి స్తంభం మీంచి లాగకుండా డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) దగ్గర తాత్కాలిక కనెక్షన్ తీసుకోవాలి, కరెంటు లైట్లన్నీ ఈ పెట్టెలోంచే పోవాలి. లడ్డూ వేలం డబ్బుల్లో పిసరంత చాలు. దాత పేరు పెట్టె మీద పెద్దక్షరాలతో రాయించండి, నాకేం అభ్యంతరం లేదు. తాళం మాత్రం కమిటీ కుర్రాళ్ళ దగ్గర వద్దు, ఊళ్ళో ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండాలి. పడిపోయినప్పుడల్లా మైకు ఆగిపోయిందని బైపాస్ చేయకుండా ఉండటానికి.